మోకాలు మార్పించుకున్న పచ్చి బాలింత

ఎముకల వార్డులో కొత్తగా చేరిన నర్సులు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మోకాలి మార్పిడి కేసుల్లో ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతారు. మోకాలి మీది నుంచి చూపు తిప్పుకోవడం నేర్చుకోండి అంటాను. నేనేదో పరాచికాలాడుతున్నానని నవ్వుతారు. పరాచికం కాదు తల్లీ! కొత్త కీలును చూసుకోవడానికి సర్జన్ ఉన్నాడు. కుట్లు చూడటానికి డ్యూటీ డాక్టరున్నాడు. కట్టు చూసి "అయ్యో" అనడానికి ఊళ్లో సగం మంది ఆటోల్లో దిగుతారు. కింద ఉన్న పిక్కను పట్టించుకునే దిక్కే ఉండదు. ఆ పిక్క మన వంతు.

నా పేరు రాజమణి. పుట్టింది కేసముద్రం దగ్గరి పల్లె. ఉద్యోగం భూపాలపల్లిలో మొదలై, మానుకోట మీదుగా వచ్చి జనగామలో ముగిసింది. మహబూబాబాద్‌ని మేము మానుకోట అనే అంటాం, బోర్డు మీద ఏం రాసినా సరే. ముప్పై ఏళ్లకు పైగా చేశాను. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే గోల ఇక్కడ రాయను. అది రాస్తే నాకు బీపీ పెరుగుతుంది, చదివితే మీకు నిద్రొస్తుంది. ఏ దవాఖాన, ఏ డాక్టరు అని కూడా అడక్కండి. చెప్పను.

రక్తం కంగారు

ఒంటికి కత్తి దిగితే రక్తం కంగారు పడుతుంది. ఇది మేలు కోసం కోసిన కోత అని దానికి ఎవరు చెప్పాలి? ఎద్దు పొడిచినా, గొడ్డలి తగిలినా, ఎముకల డాక్టరు రంపం పట్టినా దానికి ఒకటే. కారిపోకూడదు, గడ్డకట్టాలి. ఆ పట్టుదల లేకపోతే మనం బతకం కూడా. చిక్కెక్కడ వస్తుందంటే, కుట్లు వేసి, కట్టు కట్టి, మనిషిని వార్డుకు తెచ్చి పడుకోబెట్టినా అది చల్లబడదు. కొన్ని వారాల పాటు రక్తం గడ్డకట్టడానికి సిద్ధంగానే ఉంటుంది.

దానికి తోడు మనిషి కదలడు. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి తోసేది పిక్క కండ. నడిస్తే అది పనిచేస్తుంది, పడుకుంటే అదీ పడుకుంటుంది. రక్తం నరాల్లో నింపాదిగా తిరుగుతుంది. నీళ్లు తక్కువ తాగితే ఇంకా మందకొడిగా సాగుతుంది. అప్పుడు లోపలి నరంలో గడ్డ కడుతుంది. అది అక్కడే ఉంటే కాలు వాస్తుంది. తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రక్తం పలచబడటానికి పొట్ట మీద సన్న సూదులు, ఇంటికి పోయాక గోళీలు. అందుకే నొప్పి అని మొత్తుకున్నా మొదటి రోజో రెండో రోజో లేపి నిలబెట్టడం. పాదాన్ని పైకీ కిందికీ ఆడించమని గంటగంటకూ చెప్పడం.

ఇదంతా నాకు పుస్తకంలో కంటే ముందు భూపాలపల్లిలో తెలిసింది. బొగ్గు బాయిల ఊరది. అప్పట్లో తొడ ఎముక విరిగితే నెలల తరబడి బరువులు కట్టి పడుకోబెట్టేవాళ్లం. ఒకాయన ఉండేవాడు, మంచి హుషారు మనిషి. వార్డంతా నవ్వించేవాడు. బరువులు తీసేసి ఇంటికి పంపే రోజు బాత్రూమ్ దాకా నడిచి, గోడ పట్టుకుని, అట్లాగే జారిపోయాడు. గుండె ఆగిందన్నారు. నేనూ నమ్మాను. కాలిలో గడ్డ తెగి పైకి పోయి ఉంటుందని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖమొస్తుంది.

టేపు డాక్టరు

జనగామలో మా పెద్ద డాక్టరు గారిది కోస్తా. రోజూ పొద్దున్నే దర్జీ టేపు పట్టుకుని రౌండ్స్‌కు వచ్చేవారు. ఒక్కొక్కరికీ రెండు పిక్కలూ కొలిచేవారు. ఆపరేషన్ అయిన కాలు కొద్దిగా వాయడం మామూలే. నిన్నటికీ ఇవ్వాళటికీ తేడా ఎంత, రెండో కాలితో పోలిస్తే ఎంత, ముట్టుకుంటే వేడిగా ఉందా, నొక్కితే నొప్పి ఉందా అన్నది ఆయన పట్టింపు. పేషెంట్లు "సారూ, లాగు కుట్టిస్తరా ఏంది?" అని ఎగతాళి చేసేవాళ్లు. మేమూ వెనక చేరి ముసిముసిగా నవ్వేవాళ్లం. టేపు డాక్టరు అని పేరు పెట్టింది నేనే, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కోపిష్టి. ఫైలు విసిరితే మూడు మంచాల అవతల పడేది. కానీ ఒక మంచి గుణం ఉంది, తనకు రానిది వచ్చినవాళ్లను అడిగేవారు. ఒకసారి "ఆయాసంగా ఉందామ్మా?" అని మర్యాదగా అడిగితే, కొత్తగూడ అడవి దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ తల అడ్డంగా ఊపింది. నేను కలగజేసుకుని "దమ్మొస్తున్నాదే అవ్వా?" అన్నాను. "ఎందుకు రాదు బిడ్డా, నాలుగడుగులేస్తే కుక్క లెక్క రొప్పుతున్న" అంది. డాక్టరు గారు నా వైపు చూసి, "మీ యాసకు కూడా ఒక పుస్తకం వేయండి సిస్టర్, కొనుక్కుంటాను" అన్నారు. సినిమాల్లో మా మాటను వెక్కిరించే చోటు నుంచి వచ్చిన మనిషి ఆ మాటన్నందుకు ఆ రోజంతా నా కాలు నేల మీద నిలవలేదు.

యాదమ్మ

ఇక అసలు ముచ్చట. తొర్రూరు అవతల పల్లె నుంచి యాదమ్మ అని ఒకావిడ వచ్చింది. అరవై దాటింది. మిరప తోటల్లో వంగి వంగి మోకాళ్లు అరిగిపోయాయి. కుడి మోకాలు మార్చారు. ఎంత మంచి పేషెంటంటే, చెప్పిన పని చెప్పినట్టు చేసేది. వాకర్ పట్టుకుని రెండో రోజే వార్డు చివరి దాకా పోయి వచ్చింది. "సిస్టరమ్మా, ఈ బండి నాకిస్తే తొర్రూరు దాకా నడిచే పోత" అనేది.

ఆమెకు దిక్కు ఇద్దరు. కొడుకు రమేశ్, కేసముద్రం మార్కెట్ యార్డులో లారీలకు లోడింగ్ చూసుకునే పిల్లవాడు. ఇంకొకరు యాదమ్మ అక్క వెంకటవ్వ. డెబ్బై దాటినా కర్ర పట్టేది కాదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న మంత్రసాని. యాదమ్మకు కూడా ఆమే పురుడు పోసింది. చెల్లెలంటే ప్రాణం.

అయిదో రోజు ఇంటికి పంపించాం. రమేశ్‌ని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. గోళీలు మానొద్దు, రోజూ నడిపించాలి, నీళ్లు బాగా తాగించాలి, పిక్క వాచినా దమ్ము వచ్చినా వెంటనే ఫోన్ చేయాలి. ప్రతి మాటకూ "ఆఁ సిస్టర్, ఆఁ సిస్టర్" అన్నాడు. కాగితం మీద రాసిచ్చి సంతకం కూడా తీసుకున్నాను. నా పని అయిపోయింది.

వారం దాటాక కుశలం అడుగుదామని వార్డు నుంచే రమేశ్‌కు ఫోన్ చేశాను. వెనక లారీ హారన్లు, హమాలీల కేకలు.

"అమ్మ ఎట్లున్నది రమేశ్?"

"మస్తున్నది సిస్టర్! పువ్వు లెక్క చూసుకుంటున్నం. కాలు కింద పెట్టనిస్తలేదు మా పెద్దమ్మ."

"నడుస్తలేదా?"

"నడుసుడేంది సిస్టర్, మంచం కూడ దిగుతలేదు. అంత మంచం మీదనే. పిక్క జర గట్టిగైందని, వాతం పట్టిందని పెద్దమ్మ నూనె కాచి రెండు పూటల పిసుకుతున్నది. పరేషాన్ గాకుండ్రి."

పరేషాన్ కాక ఏమవుతాను! "పిసుకుడు ఆపమను! ఇప్పుడే, ఈ నిమిషంలనే ఆపమను! అమ్మను తోలుకరా!" అని అరిచాను. పక్క మంచం పేషెంటు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. రమేశ్ ఇంటికి ఫోన్ చేసి, మళ్లీ నాకు చేశాడు. గొంతులో హుషారు లేదు. "సిస్టర్, ఇరవై ఒక్క దినాలైతే గాని గడప దాటనియ్యదట పెద్దమ్మ" అన్నాడు.

డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఫైలు విసరలేదు. "ఆక్సిజన్ పెట్టుకుని మన అంబులెన్సులో మీరే వెళ్లండి. నడిపించకండి, స్ట్రెచర్ మీదే తీసుకురండి" అన్నారు. పిక్కలో గడ్డ కట్టిందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ కాలిని పిసకడమంటే గడ్డను చేత్తో తెంపి పైకి తోలడమే. దారి పొడవునా నాకు బాత్రూమ్ గోడ పట్టుకుని జారిపోయిన భూపాలపల్లి ఆయనే కనిపించాడు.

వెంకటవ్వ రాజ్యం

ఇంట్లో అడుగు పెట్టగానే నాకు మతిపోయింది. ఎండాకాలం, తలుపులు మూసి ఉన్నాయి. మంచం కింద నిప్పుల కుంపటి. మంచం మీద యాదమ్మ. తలకు గుడ్డ, చెవుల్లో దూది, మెడ దాకా దుప్పటి. పెదవులు ఎండి పగిలాయి. పక్కన గిన్నెలో ఎల్లిగడ్డ కారం కలిపిన నాలుగు ముద్దలు. మోకాలు మార్పించుకున్న మనిషిని తెచ్చి పచ్చి బాలింతను చేసి కూర్చోబెట్టారు!

మా దిక్కు బాలింత పథ్యం గురించి ఎరగనివాళ్లకు చెబుతాను. నీళ్లు గుక్కెడు గుక్కెడే పోస్తారు, తాగితే ఒళ్లు నీరు పడుతుందని. పప్పు పెట్టరు, చీము పడుతుందని. గాలి తగలనివ్వరు. గడప దాటనివ్వరు. వెంకటవ్వ ఒక్క నియమం కూడా వదల్లేదు.

"ఏం చేస్తున్నవే అవ్వా? ఆమెకు ఆపరేషన్ అయింది మోకాలికి, పురుడు గాదు!" అన్నాను.

వెంకటవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "బిడ్డ బయటికొచ్చినా, మోకాలి బొక్క బయటికొచ్చినా, ఒళ్లు పచ్చిదే గదనే! కోసిన ఒంటికి నీళ్లు పోస్తే పుండు మానుతదా? నువ్వు ఎంతమందికి పురుడు పోసినవు? నా చేతుల మీద ఊరంత పుట్టింది."

తిట్టాలని నోటి దాకా వచ్చింది. కానీ తిట్టుకుంటూ కూర్చునే టైము లేదు. దుప్పటి తీసి చూశాను. కుడి పిక్క ఎడమదాని కంటే బాగా లావుగా, ఎర్రగా, వేడిగా ఉంది. యాదమ్మ చెయ్యి పట్టుకున్నాను. నాడి పరుగులు పెడుతోంది.

"యాదమ్మా, దమ్మొస్తున్నాదా?"

ఆమె అక్క వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "పొద్దుగాల్నుంచి జర దమ్మొస్తున్నది సిస్టరమ్మా. రొమ్ముల పొడిసినట్టయితున్నది. చెప్తే అక్క బుగులు పడతదని చెప్పలే."

వెంకటవ్వ చేతిలోని నూనె గిన్నె కింద పెట్టింది. అయినా తలుపుకు అడ్డంగానే నిలబడింది. ఆమెకు చెల్లెలి మీద ప్రేమ లేక కాదు, గడప దాటిస్తే గాలి సోకి చచ్చిపోతుందన్న భయం. ఆ భయాన్ని నా ఇంగ్లీషు పదాలతో కదిలించలేనని తెలిసిపోయింది.

"అవ్వా, పాలల్ల తోడేసినంక గురిగి కదిలిస్తవా?" అన్నాను.

"ఎందుకు కదిలిస్త? కదిలిస్తే పెరుగు పేరుకోదు."

"కదిలించకుంటే?"

"గడ్డ పెరుగైతది."

"కోసినంక ఒంట్ల నెత్తురుకు గట్లనే తోడు పడ్డట్టయితది. కదలకుండ పండవెడితివి. ఆమె పిక్కల నెత్తురు గడ్డ గట్టింది. నువ్వు పిసికితే గది తెగి రొమ్ములకు పోతున్నది. ఇంకో గంట ఆగితే నీ చెల్లె నీకు దక్కదు."

వెంకటవ్వ ఒక్క క్షణం నన్ను, ఒక్క క్షణం చెల్లెల్ని చూసింది. తర్వాత తలుపు రెండు రెక్కలూ తనే తెరిచి, "ఓ డ్రైవరూ! ఆ బండిల మంచం గిట్ల పట్టుకరా, జల్దీ!" అని వాడకంతా వినిపించేలా కేకేసింది.

మూడు రోజులు

స్కాన్‌లో పిక్క నుంచి తొడ దాకా గడ్డ కనిపించింది. ఒక చిన్న ముక్క అప్పటికే ఊపిరితిత్తిలోకి పోయింది. ఐసీయూలో పెట్టారు. ఆక్సిజన్, గడ్డ పెరగకుండా సూదులు, నరంలోకి సెలైన్. డాక్టరు గారు గంటకోసారి వచ్చి పోయేవారు.

ఇక్కడ నా తప్పొకటి రాయాలి. ఐసీయూ బయట వరండాలో, అందరూ చూస్తుండగా, వెంకటవ్వ మీద విరుచుకుపడ్డాను. "చేతులార చంపబోయినవు గదనే! కాగితం మీద రాసిచ్చిన, నోటితోని చెప్పిన, అయినా నీ పెత్తనమే నీది!" అన్నాను. నాకు నోరు ఎక్కువ, మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని గోడ వారన కూర్చుంది. మూడు రోజులు అక్కడే. వార్డు ఆయా టీ ఇస్తే తీసుకోలేదు. నీళ్లిచ్చినా వద్దంది. "చెల్లెను దూప తోని ఎండవెట్టిన. అది తాగనిది నేనెట్ల తాగుత?" అందట. రమేశ్ బతిమాలి రోజుకు గ్లాసెడు మజ్జిగ పట్టించేవాడు. అది చూసి కూడా నా కోపం తగ్గలేదు. ఆమెదే తప్పని నాకంత గట్టి నమ్మకం.

మూడో రోజు మధ్యాహ్నం యాదమ్మకు దమ్ము తగ్గి, ఆక్సిజన్ తీసేశారు. ఆమె అడిగిన మొదటి మాట, "మా అక్క తిన్నాదా?"

నేను బయటికి పోయి చెప్పాను. వెంకటవ్వ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే నవ్వింది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు.

"నన్నెవరడిగిన్రు?"

యాదమ్మను వార్డుకు మార్చారు. పిక్క కొలత తగ్గడం మొదలైంది. ఇక లేపి నిలబెట్టవచ్చని డాక్టరు గారు అన్న రోజు పొద్దున్నే, నేను వాకర్ తీసుకుని పోయేసరికి, వెంకటవ్వ మంచం పక్కన చెంబుతో నిలబడి ఉంది. చెల్లెలికి నీళ్లు తాగిస్తోంది. "ఇంకో గుక్కెడు. ఇంకో గుక్కెడు. మొత్తం తాగాలె" అంటోంది. డాక్టరు గారు పక్క మంచం దగ్గర పిక్కలు కొలుస్తున్నారు.

నాకు సంతోషమైంది. ఉత్తగా సంతోషపడితే నేనెందుకవుతాను! "గిదేదో అప్పుడే చేసుంటే అయిపోతుండె గదా అవ్వా" అని ఒక పోటు పొడిచాను.

వెంకటవ్వ చెంబు బల్ల మీద పెట్టింది. కోపం లేదు గొంతులో. నిజంగా తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మరి గిదేదో అప్పుడే నాకు చెప్తే అయిపోతుండె గదా బిడ్డా! ఇంటికి తోలిచ్చిన నాడు నేను గీ మంచం కాడనే మూటలు కడుతుంటి. జర బయట కూసో అవ్వా, మాట్లాడుకోనియ్యి అంటివి. పోయి బయట కూసుంటి. వండేది నేను, తానం పోసేది నేను, నీళ్లిచ్చేది నేను. నన్నెవరడిగిన్రు?"

అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. వార్డులో గుంపు తగ్గించడానికి ఆమెను నేనే బయటికి పంపాను. చెల్లెలి నోట్లో ప్రతి ముద్దా, ప్రతి గుక్కా పెట్టబోయే మనిషిని బయట కూర్చోబెట్టి, పగలంతా లారీల మధ్య తిరిగే పిల్లవాడికి పాఠం చెప్పి, సంతకం తీసుకుని, పని అయిపోయిందనుకున్నాను. వరండాలో అందరి ముందూ తిట్టింది గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

డాక్టరు గారు కొలవడం ఆపి నా వైపు తిరిగారు. విన్నారని అర్థమైంది. "ఇప్పుడైనా చెప్పండి సిస్టర్" అని మెల్లగా అన్నారు.

"తప్పైంది అవ్వా" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని మంచం అంచు మీద కూర్చోబెట్టాను. నేను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గోళీలు ఎప్పుడెప్పుడు, నీళ్లు ఎన్ని, నడక ఎంత, పిక్క ఎట్లా చూడాలి, చిగుళ్ల నుంచి నెత్తురు కారినా, దొడ్డికి నల్లగా పోయినా ఎందుకు ఫోన్ చేయాలి, అన్నీ మొదటి నుంచి చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా "ఆఁ సిస్టర్" అనలేదు. ప్రతిదానికీ ఎందుకని అడిగింది. చివర్లో అంతా తిరిగి నాకే అప్పజెప్పింది, ఒక్క ముక్క తప్పకుండా.

"గింతేనా?" అంది.

"గింతే."

"గింత ముచ్చట పోయి ఆ పోరనికి చెప్పినవా! వాడు ఉప్పు తెమ్మంటే పప్పు తెస్తడు." యాదమ్మ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. వెంకటవ్వ లేచి నా చేతిలోని వాకర్ లాక్కుంది. దాన్ని చెల్లెలి ముందు పెట్టి, "నవ్వింది చాలు గని, లే, నడువు" అంది.